ఓడెక్కిన దిష్టి

నేను ఓడెక్కి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న, ఓడ ఎలా ఉందీ అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. చదువుకోండి, మళ్ళీ అడక్కండి.

ఆ ఓడలో ఈతకొలను ఉందట. సినిమా హాలుందట, పిల్లలు జారే గొట్టాలున్నాయట. ఇవన్నీ చూసినవాళ్ళు చెప్పినవి. నేను తీరుబడిగా చూసింది మా గది కప్పు ఒక్కటే. తెల్లగా ఉంటుంది. మధ్యలో చిన్న గుండ్రటి డబ్బా ఒకటి బిగించి ఉంటుంది, అందులో ఎర్ర దీపం ఆగి ఆగి మెరుస్తుంది. ఆ డబ్బా దేనికో ఎక్కిన రోజు నాకు తెలియదు. మర్నాడు సాయంత్రానికి ఓడ మొత్తానికి తెలిసింది.

ముందు నా సంగతి చెప్పాలి. మాది కోనసీమ. కువైట్‌లో సల్వా అనే పేటలో ఒకరింట్లో వంటా, పెద్దావిడ సేవా నా పని. ఇంటి యజమానురాలిని అక్కడ పనిచేసే ఆడవాళ్ళం మామా అంటాం. మామా తల్లిని అందరూ యుమ్మా అంటారు, అమ్మ అనే అర్థం. యుమ్మాకి షుగరుంది, మొండితనం అంతకన్నా ఎక్కువుంది. పొద్దున్నే వేలు గుచ్చి షుగరు చూడాలి, మాత్రలు చేతిలో పెట్టాలి, తిండి తినిపించాలి. బతిమాలితే తినదు, భయపెడితే అసలే తినదు. నేను మూతి ముడుచుకుని అటు తిరిగి కూర్చుంటే మాత్రం, కాసేపు చూసి, గొణుక్కుంటూ తింటుంది. నెల జీతం నాకు వంటకిస్తున్నారో అలకకిస్తున్నారో నాకే తెలియదు.

అప్పటికి మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదండీ మరి. పుట్టిల్లంటే నేను, నేనేమో కువైట్‌లో. ఇంటి దగ్గర మా ఆయన ఉన్నాడు, కాదనను, కానీ ఆయన పురుడు పోస్తాడా? వియ్యపురాలు ఏనాడో పోయింది. సెలవడిగితే మామా కాదనలేదు, అవుననీ అనలేదు. రంజాన్ దగ్గర పడుతోంది, ఇంటినిండా చుట్టాలుంటారు, యుమ్మాని ఎవరు చూస్తారు అంది.

ఇంతలో పిల్లల చలికాలం సెలవులకి ఓడ ప్రయాణం కుదిరింది. కువైట్‌లో ఎక్కి, గల్ఫ్‌లో రెండు మూడు రేవులు చూసుకుని, మళ్ళీ అక్కడే దిగడం. యుమ్మా తనూ వస్తానని పట్టుబట్టింది. ఆవిడ తండ్రి తెరచాప ఓడల మీద పనిచేసినవాడు. ఈ ఇంట్లో సముద్రం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నన్ను వదిలి వెళ్తారా అని అలిగింది. అలక ఆవిడకి నేనే నేర్పానని మామా అనుమానం.

బయల్దేరే ముందు మామా నన్ను వంటింట్లోకి పిలిచింది. మా ఇద్దరి మధ్య నడిచేది వంటింటి అరబ్బీ, దాన్ని ఇక్కడ మన భాషలో పెడుతున్నాను.

"సత్యా, ఓడలో మా అమ్మ ఒక్క పూట తినకపోయినా, షుగరు తేడా వచ్చినా, నీ సెలవు రంజాన్ అయ్యాకే. ఏ తేడా లేకుండా దించావంటే, దిగిన వారంలో నీ టికెట్ నీ చేతిలో ఉంటుంది."

నేను నవ్వేశాను. గోదావరి పాయల మధ్య పుట్టినదాన్ని, పంటు మీద నిలబడి బడికెళ్ళినదాన్ని, నాకు నీళ్ళు కొత్తా అన్నాను. ఆ మాట అక్కడితో ఆపినా సరిపోయేది. రేవులో మళ్ళీ అన్నాను.

రేవులో

మా పక్కవీధి ఇంట్లో పనిచేసే మస్తాన్‌బీ కూడా అదే ఓడకి వచ్చింది, వాళ్ళ యజమాని పిల్లల్ని చూసుకోవడానికి. ఆమెది రాయచోటి. సముద్రాన్ని విమానం కిటికీలోంచి తప్ప చూసి ఎరగదు. ఓడని చూసి గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. నాకు జాలేసి ధైర్యం చెప్పాను. నీళ్ళ మీద ఎలా నడవాలో, ఒళ్ళు ఎలా వదులు చెయ్యాలో, కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో బోధించాను. పాపం, అంతా శ్రద్ధగా విన్నది.

తర్వాత ఆమె చేత ఫోటో తీయించుకున్నాను. కొత్త పంజాబీ డ్రెస్సు, మెడలో నానుతాడు, వెనకాల ఓడ. ఫోను స్టేటస్‌లో పెట్టాను. కువైట్‌లోనే రిగ్గై పేటలో ఉండే మా ఊరి ఆడవాళ్ళ దగ్గర్నుంచి అమలాపురంలో మా తోడికోడలి దాకా అందరూ చూశారు. తోడికోడలు చూసింది కానీ ఏమీ రాయలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

రిగ్గై ఆవిడ ఒకామె, ఓడలో తిండి చప్పగా ఉంటుందని, కొంచెం ఎండుమిరపకాయలూ ఉప్పూ చింతపండూ కట్టి ఇచ్చింది. అవీ గుర్తుంచుకోండి.

ఆ రాత్రి ఓడ కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా నడిచింది. మామా, పిల్లలూ వేరే అంతస్తులో దిగారు. మా గదిలో యుమ్మాకి పెద్ద మంచం, నాకు సోఫాని లాగితే వచ్చే మంచం. ఇంత సుఖమా అనుకుని పడుకున్నాను.

గాలి

తెల్లారేసరికి నా కడుపు నాకంటే ముందు లేచింది. మంచం తల వైపు పైకి లేస్తోంది, ఆగుతోంది, ఆలోచించుకుని కిందికి దిగుతోంది. అలమర తలుపులు వాటంతట అవే తెరుచుకుని మూసుకుంటున్నాయి. శమాల్ లేచిందని యుమ్మా కిటికీ దగ్గర నిలబడి సంబరంగా చెప్పింది. వాయవ్యం నుంచి వీచే గాలి అది. ఎండాకాలంలో కువైట్‌ని దుమ్ముతో కప్పేది అదే, చలికాలంలో సముద్రాన్ని లేపేదీ అదే. గాలి ఎక్కువగా ఉన్నందున ఇవాళ రేవుకి వెళ్ళడం లేదని, రోజంతా సముద్రం మీదే ఉంటామని కప్పులోంచి కెప్టెన్ గొంతు వినపడింది. అంత చల్లగా ఎలా చెప్పగలిగాడో మహానుభావుడు.

యుమ్మా వేలు గుచ్చాను. షుగరు మిషన్‌లో అంకెలు నా కళ్ళకి ఈత కొడుతున్నాయి. ఆవిడనే చదవమన్నాను. నావైపు ఒకసారి అనుమానంగా చూసి, చదివి చెప్పింది.

తలుపు తీసి వరండాలోకి వస్తే, మెట్ల పక్క కమ్మీకి వరసగా తెల్ల కాగితపు సంచులు గుచ్చి ఉన్నాయి. ఎంత మర్యాద, టిఫిను మిగిలితే గదికి తీసుకెళ్ళడానికి సంచులు కూడా పెట్టారనుకున్నాను. మస్తాన్‌బీ కూడా అలాగే అనుకుంది. మా అంతస్తులో ఉన్న సంచులన్నీ పీక్కుని ముందే హాలుకి వెళ్ళిపోయింది.

భోజనాల హాలు

ఆ హాలు మా ఊరి కల్యాణమండపాలు మూడు కలిపినంత ఉంటుంది. రొట్టెల్లోనే ఎన్ని రకాలో. జున్నుముక్కలు, ఆలివ్ కాయలు, ఉడికించిన బక్లా గింజలు, తేనె పట్టుతో సహా తేనె. ఒకచోట చేపని పచ్చిదాన్నే పల్చగా కోసి, పువ్వులా పేర్చి పెట్టారు. మన వైపు విస్తట్లో వదిలేస్తే పెద్దవాళ్ళు ఊరుకోరు. ఇక్కడ పళ్ళేల నిండా పెట్టుకుని, రెండు ముక్కలు కొరికి, లేచిపోతున్నారు. ఆ రోజు మాత్రం వాళ్ళను తప్పుపట్టలేను, సగం మంది మొహాలు నా మొహంలాగే ఉన్నాయి.

యుమ్మా ముందు పళ్ళెం పెట్టాను. యథాప్రకారం వద్దంది. నాకు అప్పటికే నోట్లో నీళ్ళూరుతున్నాయి, ఆకలికి కాదు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, అటు తిరిగి కూర్చున్నాను. ఆవిడ నేను అలిగాననుకుంది. కాసేపు చూసి గుడ్డు తినేసింది. నేను తల ఎత్తలేదు. రొట్టె తిన్నది. ఎత్తలేదు. జున్ను తిని, పాలు తాగి, మాత్రలు వేసుకుని, ఇంక చాలు కదా, ఇటు తిరుగు అని నా భుజం తట్టింది.

నేను తిరిగాను. తిరగ్గానే ఎదురుగా ఆ పచ్చి చేప కనపడింది.

ఎలా లేచానో, ఎవరిని తోసుకుని పరిగెత్తానో గుర్తులేదు. మెట్ల దగ్గరికి వచ్చి కమ్మీ పట్టుకున్నాను. ఆ క్షణంలో ఆ సంచులు దేనికో నాకు జ్ఞానోదయమైంది, కానీ ఒక్క సంచీ మిగల్లేదు. మూలన పెద్ద ఇత్తడి కుండీలో ప్లాస్టిక్ తాటిచెట్టు ఉంది. మిగతాది మీకు చెప్పనక్కర్లేదు.

తల ఎత్తేసరికి వెనక యుమ్మా నిలబడి ఉంది. అంతసేపూ నా అలక చూసి తిన్నాననుకున్న మనిషికి సంగతి అర్థమైపోయింది. నవ్వు మొదలుపెట్టింది. పంటు, గోదావరి అంటూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా నడుం చుట్టూ చెయ్యి వేసి, ఓడ ఎటు ఒరిగితే అటు ఒరుగుతూ, నన్ను గదికి నడిపించుకొచ్చింది. ఇంట్లో నేను పట్టుకుంటే తప్ప స్నానాల గదికి కూడా వెళ్ళని మనిషి.

యుమ్మా మంచం

నన్ను తన మంచం మీద పడుకోబెట్టింది. సోఫా గోడవైపుంది, అక్కడ ఊపు ఎక్కువట. తన శాలువా కప్పింది. సంచిలోంచి చిన్న డబ్బా తీసింది, అందులో ఎండిపోయి నల్లబడిన నిమ్మకాయలున్నాయి. వాటిని అక్కడ లూమీ అంటారు, కూరల్లో వేస్తాం. ఒకటి పగలగొట్టి ముక్క నా బుగ్గన పెట్టి, చప్పరించమంది. వాళ్ళ నాన్న ఓడలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఇదే మందట. ఆయన మన దేశం దాకా వచ్చి కొబ్బరితాళ్ళూ కొబ్బరికాయలూ పట్టుకెళ్ళేవాడట. ఆయన తెచ్చిన కొబ్బరికాయని పగలగొట్టడం ఇంట్లో ఎవరికీ రాక, చిన్నప్పుడు తను మేడ మీద నుంచి వీధిలోకి విసిరేసిందట. వీధిలో మేక ఉందట. మేకకి ఏమైందని అడిగే ఓపిక నాకు లేకపోయింది.

లూమీ పుల్లగా, చేదుగా ఉంది. కడుపు కాస్త కుదుటపడింది. అప్పుడు యుమ్మా మంచం అంచున కూర్చుని, కిటికీ వైపు చూస్తూ అంది, "ఇప్పుడు నేను నా కూతురికి ఫోన్ చేసి, సత్య పడిపోయింది, నన్ను చూసేవాళ్ళు లేరు అని చెబితే, నువ్వు వెళ్ళవు. రంజాన్ అంతా నా దగ్గరే ఉంటావు."

బెదిరింపుగా అనలేదు. అలా జరిగితే బాగుంటుందా అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. మా అమ్మాయి గుర్తొచ్చింది. పోయినవారం ఫోనులో, అమ్మా, నువ్వు వచ్చేదాకా ఆగమని లోపలున్నదానికి చెబుతున్నాను అంది. నాకు ఏడుపు ఆగలేదు. యుమ్మా చేతులు పట్టుకుని, చెప్పొద్దమ్మా అన్నాను తెలుగులో. అరబ్బీ మాట ఒక్కటీ నోటికి రాలేదు.

ఆవిడ చెయ్యి విడిపించుకుని, గ్లాసులో నీళ్ళు తెచ్చింది.

అప్పుడే మామా తన గదిలోంచి వీడియో కాల్ చేసింది, పిల్లలకి వాంతులని కదల్లేకపోతోందట. నా ప్రాణం పోయింది. యుమ్మా నా తల దుప్పట్లోకి తోసి, ఫోను ఎత్తి, సత్య టీ తేవడానికి వెళ్ళిందని చెప్పింది. దుప్పట్లో నేను ఊపిరి బిగబట్టాను. తిన్నావా అని మామా అడిగింది. గుడ్డు, రొట్టె, జున్ను, పాలు అంది యుమ్మా. మామా నమ్మలేదు. మధ్యాహ్నం పళ్ళెం ఫోటో పంపమంది. మధ్యాహ్నం గదికే భోజనం తెప్పించి, ఫోటో తీసి పంపి, యుమ్మా ఆ చేపంతా నా ఎదురుగా కూర్చుని ఎముక మిగల్చకుండా తిన్నది. నేను కప్పు వైపు చూస్తూ పడుకున్నాను. ఆ ఎర్ర దీపంతో నాకు అప్పుడే పరిచయం పెరిగింది.

పై అంతస్తు కబుర్లు

మధ్యాహ్నం దాటాక మస్తాన్‌బీ వచ్చింది. వాళ్ళ పిల్లలు కూడా వాంతులు చేసుకుని పడుకున్నారట, ఆమెకి తీరికే తీరిక. నేను చెప్పిన బోధలన్నీ తను మర్చిపోయానని, అయినా తనకి ఏమీ కాలేదని చెప్పింది. కేకులు నింపిన కాగితపు సంచులు నాలుగు నా పక్కన పెట్టి, తినమంది. ఆ సంచులు దేనికో చెబితే, ఒకదాన్ని ఖాళీ చేసి ఇచ్చింది, కేకులు మాత్రం పారెయ్యలేదు.

ఓడ కబుర్లన్నీ ఆమె నోటితోనే విన్నాను. ఈతకొలనులో నీళ్ళు కొలనులో ఉండటం లేదట, వల కట్టేశారట. పాటల హాల్లో పాడే అమ్మాయి స్తంభం పట్టుకుని పాడుతోందట. కొబ్బరిబోండాం ఒక్కటి మూడు దీనార్లట, దాంట్లో కాగితపు గొడుగు గుచ్చి ఇస్తారట. మా పెరట్లో రాలి పడితే ఎవరూ వంగి తీయరు. ఆ మాట విన్నాక నాకు ఇంకోసారి సంచీ అవసరమైంది.

మస్తాన్‌బీ నన్ను తేరిపార చూసి తేల్చేసింది. "ఇది నీళ్ళ జబ్బు కాదుక్కా. నీళ్ళల్లో పుట్టినోళ్ళకు నీళ్ళు పడకుండా ఉంటాయా? నానుతాడు ఏసుకోని ఓడ ముందర నిలబడి ఫోటో పెడితివే, ఆ పొద్దే అనుకుంటి. దిష్టి తగిలుండాది నీకు."

నాకు వెంటనే తోడికోడలు గుర్తొచ్చింది. చూసి కూడా ఏమీ రాయలేదు కదా! లూమీకి జబ్బు పూర్తిగా ఎందుకు తగ్గలేదో తెలిసిపోయింది. యుమ్మాకి సంగతి చెబితే, ఆవిడ ఇంతకు ముందే ఎందుకు చెప్పలేదని నన్నే తిట్టింది. కన్ను తగలడం వాళ్ళకీ ఉంది. వాళ్ళు ధూపం వేస్తారు, పటికముక్క కాలుస్తారు. గదుల్లో ఏమీ వెలిగించకూడదని ఓడవాళ్ళు రాసి పెట్టారు. కానీ యుమ్మా తన గుడ్డల మధ్య బ్యాటరీతో వేడెక్కే ధూపపు గిన్నే, పటికముక్కా దాచి తెచ్చింది. ఇది నిప్పు కాదు కదా అంది. ఆ మాట మా ఇద్దరికీ సబబుగానే తోచింది.

పొగ

నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. మస్తాన్‌బీ గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని నా చుట్టూ తిప్పింది. ఓడ ఊపుకి ఆమె ఒకసారి నన్నూ, ఒకసారి అలమరనీ తిప్పింది. ఊరి దిష్టి, వాడ దిష్టి అంటూ నేనే అందించాను, స్టేటస్ చూసినవాళ్ళ దిష్టి కూడా కలిపాను. యుమ్మా ఏదో చదువుతూ నా తల మీద ఊదింది. తర్వాత ఆ మిరపకాయలూ ఉప్పూ పటికా అన్నీ ఆ గిన్నెలో పోశాం.

మీకు తెలుసు కదా, కాల్చిన మిరపకాయలు ఘాటు వచ్చాయంటే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. మిరపకాయలు నల్లబడ్డాయి, పొగ లేచింది, ఘాటు లేదు. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంకో నాలుగు వేశాం. ఘాటు లేదు. మస్తాన్‌బీ, ఎంత దిష్టి తగిలుండాదో చూడు, అని నోటి మీద చెయ్యి వేసుకుంది. తోడికోడలి మీద నాకు కోపమూ, నా ఒంటి మీద నాకు ధైర్యమూ ఒకేసారి వచ్చాయి. పొద్దున్నుంచి మొదటిసారి ఎవరూ పట్టుకోకుండా నిటారుగా కూర్చున్నాను.

అప్పుడు బయట ఎవరో దగ్గారు. తర్వాత ఇంకెవరో తుమ్మారు. తర్వాత వరండా పొడవునా దగ్గులు మొదలయ్యాయి. ఓడలో అందరికీ ఒకేసారి జలుబు చేసిందేమిటా అనుకున్నాం. గిన్నెని తలుపు పక్కన పెట్టామని, తలుపు కింది సందులోంచి పొగంతా బయటికే పోతోందని మాకు తట్టలేదు. మిగిలిన కాస్త పొగా కప్పు దాకా ఎక్కింది. నేను రోజంతా చూసిన ఆ డబ్బా అరవడం మొదలుపెట్టింది.

తలుపు తెరుచుకుంది. బయట ఆగిన ఘాటంతా లోపలికి వచ్చిపడింది. దాంతో పాటు టోపీలు పెట్టుకుని మంటలార్పే సీసాలు పట్టుకున్న ఇద్దరు ఓడ మనుషులు, ఏడుస్తూ దగ్గుతూ. వాళ్ళ వెనక తేలే చొక్కాలు తొడుక్కున్న ముసలి దంపతులు. వాళ్ళ వెనక మామా.

మామా

మామా చూసినవి వరసగా చెబుతాను. తన తల్లి మంచం మీద, తన తల్లి శాలువా కప్పుకుని, జుట్టునిండా ఉప్పుతో, బుగ్గన నిమ్మకాయతో నేను. పక్కన పొగ వచ్చే గిన్నె పట్టుకుని, షుగరున్న తన తల్లి. కేకుల సంచులతో మస్తాన్‌బీ.

పొద్దుటి నుంచి నాకు బాగాలేదని ఓడ మనిషి ఒకాయన మామాకి అప్పటికే చెప్పినట్టున్నాడు, ఇత్తడి కుండీ సంగతి దాగదు కదా. మామా దగ్గి, కళ్ళు తుడుచుకుని, నెమ్మదిగా అంది, "టీ తేవడానికి వెళ్ళావని అమ్మ అంది. రోజంతా పడుకునే ఉన్నావు. నేను నీకేం చెప్పాను సత్యా? ఖలాస్. రంజాన్ అయ్యాకే."

యుమ్మా వైపు చూశాను. ఆవిడ ఇప్పుడు ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు, తను కోరుకున్నది జరిగిపోతుంది. రంజాన్ అంతా ఆవిడ పక్కనే ఉంటాను.

యుమ్మా గిన్నె తీసి ఓడ మనిషి చేతిలో పెట్టింది. సోఫా మీద కూర్చుని, సంచిలోంచి షుగరు మిషను తీసింది. ఎన్నడూ వేలు ముందుకి చాపని మనిషి తన వేలు తనే గుచ్చుకుంది. అంకె కూతురికి చూపించింది. ఈ మధ్యకాలంలో అంత మంచి అంకె మామా చూడలేదు, నేనూ చూడలేదు.

"పొద్దున గుడ్డు తిన్నాను. మధ్యాహ్నం చేప తిన్నాను. మాత్రలు నేనే వేసుకున్నాను," అంది యుమ్మా. "మీ నాన్న పోయాక ఇంట్లో నన్ను ఎవరైనా ఒక్క పని అడిగారా? కూర్చో అమ్మా, తిను అమ్మా, పడుకో అమ్మా. ఇవాళ ఈ పిల్లకి నేను కావలసి వచ్చింది. నేను బాగుంటే పంపిస్తానన్నావు. బాగున్నాను. మాట మీద నిలబడు."

మామా ఆ మిషను చేతిలోకి తీసుకుని అంకె మళ్ళీ చూసింది. డబ్బా అరుపు ఎవరో ఆపారు.

"నువ్వింత బాగా చూసుకోగలిగితే, ఇంక మనకి సత్య ఎందుకు?" అంది చివరికి.

సెలవు సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే పోయేలా ఉంది.

"అలగడానికి," అంది యుమ్మా. "నువ్వు అలిగితే నాకు తినబుద్ధి కాదు."

ముందు మస్తాన్‌బీ నవ్వింది. తర్వాత మామా కూడా నవ్వింది, లేక దగ్గిందో, ఆ ఘాటులో తేడా తెలియలేదు. టికెట్ తీస్తాను, కానీ ఈ ఓడలో ఇంక మిరపకాయ కనపడకూడదు అంది. ఆ సాయంత్రం గదుల్లో ఏదీ కాల్చరాదని కప్పులోంచి మూడు భాషల్లో చెప్పారు. అది మన గురించే అని మస్తాన్‌బీ ఓడ దిగేదాకా అందరికీ చెప్పుకుంది.

రాత్రికి గాలి తగ్గింది, నా కడుపులో తిప్పడమూ తగ్గింది. దిష్టి పోయిందని మస్తాన్‌బీ అంది, లూమీ పనిచేసిందని యుమ్మా అంది, గాలి ఆగింది కాబట్టి అని ఓడ డాక్టరు అన్నాడు. ఆయన మాట మేం ముగ్గురం పట్టించుకోలేదు.

నేల మీద

దిగిన వారంలో ఇంటికొచ్చాను. నేనొచ్చిన నాలుగో రోజుకి మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. తోడికోడలు వచ్చి పిల్లకి వెండి మొలతాడు పెట్టి, ఓడ ఫోటో చాలా బాగుందని, ఏం రాయాలో తోచలేదని చెప్పింది. నేను కాఫీ కలపడానికి లేచాను.

ఒక్కటే చిక్కు. ఉయ్యాల ఊపుతుంటే ఇప్పటికీ నా కడుపులో తిప్పుతుంది. యుమ్మా ఇచ్చిన లూమీ ముక్క బుగ్గన పెట్టుకుని ఊపుతాను. మా ఆయన అది వక్క అనుకుంటున్నాడు.

రోజూ సాయంత్రం యుమ్మా నుంచి వాయిస్ మెసేజ్ వస్తుంది. పిల్ల ఎంత తాగింది, తల్లి తిన్నదా, నువ్వు తిన్నావా అని. తను తిన్నదో లేదో చెప్పదు. పిల్లకి పేరు పెట్టిన రోజున మామా నుంచి వచ్చింది. యుమ్మా పొద్దుటి నుంచి మంచం దిగడం లేదట. సల్వాలో, మేడ ఇంట్లో, గట్టి నేల మీద, తనకి ఓడ ఊగుతున్నట్టుందని అంటోందట. లూమీకి తగ్గలేదట. డాక్టరు వచ్చి ఏమీ లేదన్నాడట. ఇది దిష్టి అని, దిష్టి తియ్యడం సత్యకే వచ్చని, సత్య ఎప్పుడొస్తుందో కనుక్కోమని యుమ్మా చెప్పిందట. వెనకాల యుమ్మా గొంతు వినపడుతోంది, మిరపకాయలు ఊరి నుంచే తెమ్మను, ఇక్కడివి ఘాటు లేవు అంటోంది.

మా అమ్మాయి కూడా విన్నది. పిల్లని ఒళ్ళో సర్దుకుంది. తర్వాత, ఇంకో పది రోజులుండి వెళ్ళమ్మా, ఆవిడ తినడం లేదేమో అంది.

మర్నాడు పొద్దున్నే అరుగు మీద చాప వేసి మిరపకాయలు ఎండబెట్టాను.